హంతకుడు దొరికే వేళ

తప్పులుంటే మన్నించండి. అరవై ఏళ్లకు పలక పట్టాను, పేజీ నిండడానికి రెండు రోజులు పడుతుంది. ఇది నా సంగతే. "నేను" అని మొదలుపెడితే చెయ్యి ఆగిపోతోంది, అందుకే పూలమ్మ అని రాస్తున్నాను.

పూలమ్మకు పాత నలుపు తెలుపు నేరాల సినిమాలంటే ప్రాణం. మెట్ల మీద మనిషికంటే ముందు నీడ దిగుతుంది. అగ్గిపుల్ల గీస్తే సగం మొహమే కనిపిస్తుంది. డాక్టరు, వకీలు, అందరూ ఏదో దాస్తుంటారు. ఇంట్లో ఎవరి మాటనూ అనుమానించే వీల్లేని ఆడదానికి, కూర్చున్నచోటే అందరినీ అనుమానించడం ఎంతో హాయి. కానీ గోదావరిఖని బొగ్గుగని క్వార్టర్లో, మధ్యాహ్నం టీవీలో హంతకుడు దొరికే వేళకే మొదటి షిఫ్టు దిగే సైరన్ మోగేది. నీళ్లు కాచాలి, భర్త పోశం వీపు మీది బొగ్గు రుద్దాలి, అన్నం వడ్డించాలి. ఆ సినిమాలన్నీ పోశం పెళ్లికి ముందే టాకీసులో చూశాడు. వీపు రుద్దుతూ ఆమె అడిగేది, ఎవరు చంపారని. ప్రతిసారీ ఒకటే జవాబు.

"ఇంకెవలు? ఆ ఆడిదే. జల్ది నీళ్లు పొయ్యి."

ఇరవై ఏళ్లు నమ్మింది. తెర మీదికి ఏ నాయిక వచ్చినా, చివరికి ఈమే కదా అని లోపల ముడుచుకుపోయేది. ఎదురు మాట్లాడిన రోజున అత్త తనను చూసేదీ అలాగే, నేరం చేసినదాన్ని చూసినట్టు.

పోశం పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు మరో గని ఊళ్లో, అక్కడే పనిచేసే కొడుకు క్వార్టర్లో ఉంటోంది. మొన్న పక్కింటి షహజాదీ బేగం ఫోన్లో పూలమ్మ అప్పట్లో సగంలో వదిలేసిన ఒక పాత సినిమా పేరు ఒక్కో అక్షరం నొక్కి తనే వెతికింది. ఈ వయసులో మర్డర్ సినిమాలేందని నవ్వే కొడుకు శివను అడిగే పని లేకపోయింది. ఇద్దరూ చూస్తుండగా సైరన్ మోగింది. శివ డ్యూటీ దిగి వస్తాడు. పూలమ్మ కాళ్లు వాటంతటవే లేచాయి.

బేగం ఆమె చెయ్యి పట్టుకుంది. "కూసో అక్కా. ఆనికి చేతుల్లేవా?"

కూర్చుంది. చంపింది ఆ ఆడది కాదు, ఆస్తి చూసే వకీలు. నాయిక కోర్టు మెట్లు దిగి, తన కారు తనే నడుపుకుంటూ వానలో వెళ్లిపోయింది.

పోశం అబద్ధమాడాడా, గుర్తులేక నోటికొచ్చింది అన్నాడా? ఎంతమంది ఆడవాళ్ల మీద పూలమ్మ చూడకుండానే నేరం మోపింది. వాళ్లందరినీ మళ్లీ చూడాలి, ఒక్కొక్కరినీ, చివరిదాకా.

ఇంటికి వెళ్లేసరికి శివ గిన్నెల మూతలు తీసి చూస్తున్నాడు. ఇంతసేపేంది అని విసుక్కున్నాడు. సినిమా అంది. శివ తనే వడ్డించుకుని నాలుగు ముద్దలు తిన్నాక, ఊరుకోలేక, ఇంతకీ ఎవరు చంపారని అడిగాడు.

"నేను చెప్ప బిడ్డా," అంది పూలమ్మ, గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంటూ. "కూసోని నువ్వే సూడు."

పూలమ్మ, అరవై మూడేళ్లు. ఇప్పుడు ఉండేది రామకృష్ణాపూర్‌లో, కొడుకు క్వార్టర్లో.