మంచం తలాపుకు కట్టిన అట్ట

మా అత్త సత్యమ్మకు లోకంల ఒక్కటే రోగం తెలుసు, ఆకలి. ఎవలకు ఏమైనా ముందుగాల కడుపుల ఇంత పడాలంటది. కోడలి మాట ఇంటే మాత్రం ఆమె కిరీటం పడిపోతది.

తొంభై ఎనిమిది ఎండకాలం. పొద్దుగాల్నే మా ఆయన సిద్దిరాములుకు కడుపుల నొప్పి లేశింది. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి ఆటోల ఏసుకొని మేడ్చల్ రోడ్డు మీది దవాఖానకు తెచ్చినం. "అపెండిక్స్ వాసింది. పగిలితే పానానికే కష్టం, ఇయ్యాల్నే కొయ్యాలె" అన్నడు డాక్టరు.

సిస్టరమ్మ మంచం తలాపుకు ఒక అట్ట కట్టింది. దాని మీద ఎర్రగ ఇంగిలీషు అక్షరాలు. "నోట్లె ఏం పెట్టొద్దు, సుక్క నీళ్లు గూడ. కడుపుల ఏమన్న ఉంటే మత్తుల కక్కుతడు. అది ఊపిరితిత్తులల్లకు పోతే మనిషి దక్కడు" అని నాకు చెప్పింది. నేను అత్తకు చెప్పిన, మల్ల చెప్పిన. "నాకేమన్న చెవుడా?" అని నా మీదికే లేశింది.

సూదిమందులు తెమ్మంటే మెడికల్ షాపుకు పోయిన. వచ్చేటాల్లకు వార్డుల కరెంటు లేదు. అత్త ఆ అట్టనే ఇప్పుకొని కొడుకుకు ఇసురుతాంది.

"అయ్యో, గదెందుకు ఇప్పినవ్ అత్తా?"

"ఉక్కకు పిలగాడు పరేషాన్ అయితుంటే, నీకు అట్ట మీద పడ్డదా రంది?"

గంతల డ్యూటీ మారిన కొత్త సిస్టర్ వచ్చి, "ఏమన్న తిన్నడా?" అని అడిగింది. "లేదమ్మా" అన్నది అత్త, జల్దీగ. మా ఆయన నొప్పి సూదికి మగతల ఉన్నడు. స్ట్రెచర్ మీద ఏసుకొని పోయిన్రు.

ఆయన అంగీ నా చేతికిచ్చిన్రు. మడత పెడ్తుంటే కాలర్ కాడ తడి తగిలింది. వాసన చూస్తె పుల్లటి సల్ల. అత్త తనకని ఇంటికాన్నుంచి గిన్నెల తెచ్చుకున్న జొన్న గట్క మెతుకు గూడ అతుక్కొని ఉన్నది.

"అత్తా, గట్క పెట్టినవా?"

"నేనెందుకు పెడ్త? నేనే తాగిన."

"నీ కొడుకు మీద ఒట్టెయ్యి."

అత్త రెండు చేతులు కొంగుల దాసుకున్నది.

మా అత్త ఒట్లకు ఎనకాడే మనిషి గాదు. కోడిగుడ్డు పోయినా ఒట్టే, పక్కింటామె మాటన్నా ఒట్టే. గసొంటిది చేతులు దాసుకున్నదంటే ఇగ చెప్పేదేమున్నది! నేను ఉరికిన.

థియేటర్ తలుపు మూసి ఉన్నది. తలుపు మీది ఎర్ర బల్బు జనరేటర్ కరెంటుతోని ఎలుగుతాంది. కాపలా ఉన్న భిక్షం అడ్డమొచ్చిండు. "పోవద్దమ్మా, డాక్టరు నన్ను తిడ్తడు."

"నీ బాంచెన్, తిట్లు నేను తింట, నా మొగుడు సస్తడు!" అని తలుపు బాదిన. "గట్క తిన్నడు! మత్తియ్యకున్రి!"

లోపట సప్పుడు లేదు. మత్తు ఇచ్చిన్రేమో, కక్కుతున్నడేమో, ఊపిరి ఆడుతలేదేమో. చేతులు వాచేదాక బాదిన.

తలుపు తెరుసుకున్నది. డాక్టరు మొకానికి గుడ్డ, కండ్లే కనవడుతున్నయి. "ఎప్పుడు తిన్నడు? ఎంత తిన్నడు?"

నాకేం తెలుసు? ఎనకకు తిరిగి చూసిన. అత్త గోడకు ఆనుకొని వణుకుతాంది. ఊరంత భయపడే మా అత్త భయపడుడు నేను గప్పుడే చూసిన. "చెప్పు అత్తా, నీ కాళ్లు మొక్కుత" అన్న.

"గిన్నె నిండ పెట్టిన సారూ. గీమె మందులకు పోంగనే. వాడు వద్దన్నడు. ఖాలీ కడుపుతోని కత్తి కిందికి ఎట్ల పంపాలె అని నేనే కుక్కిన. తిడ్తరని, ఎవలకు చెప్పకురా అని వానికి గూడ అన్న."

డాక్టరు లోపలికి తిరిగి "ఆపున్రి!" అని ఒర్లిండు. మత్తు సూది అప్పటికే చేతులకు తీసుకున్నరట. తర్వాత మా దిక్కు చూసి, "సాయంత్రందాక ఆగాలె. గప్పటిదాక అది పగలకుంటె మీ అదృష్టం" అన్నడు. ఒక భయం పోయిందనుకుంటే ఇంకోటి వచ్చి కూసున్నది.

మా ఆయనను మల్ల మంచం మీదికి తెచ్చిన్రు. అత్త ఆ అట్టను రొమ్ముకు అదుముకొని పక్కన కూసున్నది. మా మరిది రవీందర్ కొబ్బరిబోండం తెస్తె అట్ట మొకం ముందట పెట్టి "సదువు!" అన్నది. తలకిందులుగ పట్టుకున్నది. ఆమెకు అక్షరం రాదు. మా ఆయన మూలిగినప్పుడల్ల, పగిలిందా అన్నట్టు నా దిక్కు చూసేది.

పొద్దు గూకంగ సిస్టర్ వచ్చింది. "ఏమన్న తిన్నడా?"

అత్త లేశి కొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టింది. "నా కొడుకు మీద ఒట్టు. సుక్క నీళ్లు గూడ పొయ్యలే." స్ట్రెచర్ ఎంబడి తలుపు దాక ఆ చెయ్యి తియ్యకుండ నడిచింది.

మేమిద్దరం ఆ ఎర్ర బల్బు కింద కూసున్నం. డాక్టరు బయటికొచ్చి "గండం గడిసింది" అన్నంక నాకు ఏడుపు ఆగలే.

అత్త ఏడ్వలే. "సారూ, గీ అట్ట ఇంక కట్టాలెనా?" అని అడిగింది.

"రేపటిదాక ఉండాలె."

పోయి ఖాలీ మంచం తలాపుకు ముడి మీద ముడేసి కట్టింది. "తలకిందులున్నది అత్తా" అన్న, తిడ్తదేమో అనుకుంటనే. అత్త ఒక్కొక్క ముడి ఇప్పి, అట్ట నా చేతుల పెట్టింది.

"నువ్వే కట్టు బిడ్డా" అన్నది.