ఎండలో చూసిన మట్టి

మా జెన్నీ ఎమ్మెస్సీలో మట్టి చదివిందంటే ఈ హిందీ ఊళ్ళో, మా సెక్టర్ 6 తెలుగోళ్ళలో నవ్వనివాళ్ళు లేరు. నవ్విన నాపచేనే పండుతుందిలే అని నేను నోరు మూసుకున్నాను. నాకు అదెంత కష్టమో ఆ దేవుడికే తెలుసు! చదువైపోయినా ఇంట్లోనే కూర్చున్న పిల్లకి, మొన్న ఓ మట్టి పరీక్షల సంస్థ నుంచి పిలుపొచ్చింది. ఉద్యోగం ఒక్కటే. నేనూ వెంట వెళ్ళాను.

మైదానంలో ఎర్రటి షామియానా వేశారు. లోపల మా జెన్నీతో కలిపి నలుగురు పిల్లలు. ఒక్కొక్కరి ముందు ఓ మట్టిగడ్డ, ఓ రంగుల పుస్తకం. పుస్తకం నిండా చిన్న చిన్న రంగుబిళ్ళలు, ఒక్కో బిళ్ళ పక్కన ఓ కన్నం. మట్టిని కాస్త తడిపి, కన్నం వెనక పెట్టి, ఏ బిళ్ళతో కలిస్తే దాని నంబరు రాయాలి. ఎరుపెంత, పసుపెంత, ఎంత ముదురు, ఎంత చిక్కన, అన్నీ ఆ నంబరులోనే ఉంటాయట.

మిగతావాళ్ళు గబగబా రాసేస్తున్నారు. మా జెన్నీ లేచి నిలబడింది.

"సర్, యహా నహీ హోగా. ఈ గుడ్డ ఎరుపంతా మట్టి మీద పడుతోంది. ధూప్‌లో, ఎండలో పెట్టి చూడాలి."

పరీక్ష పెట్టిన పెద్దాయన తలెత్తి షామియానా వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. "సబ్ బాహర్ చలో!" అని అందరినీ ఎండలోకి తోలి, రాసింది కొట్టేయించి మళ్ళీ రాయించాడు.

సాయంత్రానికి చెప్పేశారు. ఉద్యోగం ఆ నలుగురిలోనే సుచిత్ర అనే అమ్మాయికి. జెన్నీది రెండో స్థానం.

ఆటో ఎక్కాక నా నోరు ఆగలేదు. "ఓసి పిచ్చిమొగమా! నువ్వొక్కదానివే బయటికెళ్ళి చూసుకుంటే ఏటి పోయేదే? అందరికీ దండోరా వెయ్యాలా?"

"ఒకే మట్టిని నేను చూసినా, సుచిత్ర చూసినా ఒకే నంబరు రావాలి మమ్మీ. ఆ పుస్తకం ఉన్నదే అందుకు. వాళ్ళు తప్పు రాస్తుంటే చూస్తా ఎలా కూర్చోను?"

కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి పిల్లకి. అయినా మాట తొణకలేదు. నా కడుపున ఇంత గట్టిపిండం ఎలా పుట్టిందమ్మా అనుకున్నాను. గర్వంతో నాకూ ఏడుపొచ్చింది.

పవర్ హౌస్ బజారు దగ్గర ఆటో ఆపించి లడ్డూలు కొన్నాను. ఇంటి ముందు పక్కింటి పార్వతమ్మ ఎదురొచ్చింది.

"ఏటి సత్యవతీ, పిల్లకి ఉద్యోగమొచ్చిందేటి?"

"రాలేదొదినా," అని ఆవిడ చేతిలో లడ్డూ పెట్టాను. "పరీక్ష పెట్టినోళ్ళ తప్పు దిద్దొచ్చింది. తిను."