వాసన చూసే మనిషి

పొద్దున్నుంచీ ఆవిడకు కాలు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే బండి ఊగుతుంది. ముందు స్టీరింగు పట్టుకుని మొగుడు ఈల వేస్తున్నాడు. వెనక అత్తగారు కిటికీకి తల ఆనించి, దారిలో కనబడిన బోర్డులన్నీ పైకి చదువుతున్నారు. ఇద్దరూ హాయిగా ఉన్నారు. వాళ్ళ హాయి చూస్తేనే ఆవిడకు ఒళ్ళు మండుతోంది.

ఆ బండి మొగుడి ముద్దుబిడ్డ. వడ్రంగి కదా, పాత సామాన్ల వ్యాను ఒకటి కొని, సెలవులన్నీ దానికే ధారపోసి, లోపల పడకలు, బల్ల, చిన్న వంటగట్టు అమర్చాడు. గట్టు మీద స్టవ్వు, బయట తలుపున్న అరలో గ్యాసు సిలిండర్. గ్యాసు కారితే కూతపెట్టే డబ్బా కూడా తీసుకోమని దుకాణంవాడు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "మా ఆవిడ ముక్కు ఉండగా డబ్బా ఎందుకండీ!" అని గొప్పగా చెప్పి వచ్చాడీయన. మగవాళ్ళకు పెళ్ళాన్ని మెచ్చుకోవడానికి ఇలాంటి చోట్లే దొరుకుతాయి.

మాటలో అబద్ధమేమీ లేదు. ఆవిడ కాఫీ గింజలు వేయించే కార్ఖానాలో పనిచేస్తుంది. గింజ మాడబోతోందని రంగు మారకముందే వాసనతో పసిగట్టడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లోనూ అంతే. పాలు విరిగాయా, ఎలుక ఎక్కడ చచ్చింది, ఎవరి చొక్కా ఉతకాలి, అన్నిటికీ ఆవిడదే తీర్పు. ఆవిడ "ఏం లేదు" అంటే ఇక లేనట్టే. స్టవ్వు వెలిగించేముందు కూడా అదే తంతు. ఆయన బయట వాల్వు తిప్పుతాడు, ఆవిడ గట్టు కింద వంగి వాసన చూసి "ఏం లేదు" అంటుంది, ఆ తర్వాతే ఆయన లైటర్ పట్టుకుంటాడు.

ఆ ముక్కు మొన్నటి జ్వరంలో పోయింది. జ్వరం తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదు. సబ్బూ లేదు, చెమటా లేదు, కాఫీ అసలే లేదు. కార్ఖానాలో గింజల రంగు చూసి తలూపుతూ నెట్టుకొస్తోంది. బయటపడితే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. పోనీ ఇంట్లోనైనా చెబుదామంటే మొగుడి నోట్లో నువ్వుగింజ నానదు.

గతుకుల దారి దాటి, మధ్యాహ్నం నది ఒడ్డున బండి ఆపాడు. దిగి సిలిండర్ వాల్వు తిప్పి, "ఏమోయ్, ముక్కు పెట్టు!" అని బయటినుంచే కేకేశాడు.

ఆవిడ వంగింది. గట్టిగా ఊపిరి పీల్చింది. ఏమీ తెలియలేదు.

"ఏం లేదు" అంది.

ఆయన క్యాను పట్టుకుని నీళ్ళకు వెళ్ళాడు. అంతలో వాన అందుకుంది. అత్తగారు చలికి కిటికీలు మూయించి కింది పడక మీద ముడుచుకున్నారు.

"తల దిమ్ముగా ఉందే అమ్మాయ్. బండి కుదుపేమో."

ఈ గ్యాసు గాలికంటే బరువట, కారితే నేల మీద నీళ్ళలా పేరుకుంటుందట. దుకాణంవాడు చెప్పిన ముక్కే. అత్తగారు పడుకున్నది నేలకు జానెడు ఎత్తున. వెళ్ళి కిటికీ తెరిచింది.

"చలే తల్లీ, మూసెయ్యవూ?"

మూసింది. కూర్చుంది. లేచింది. పోయి వాల్వు కట్టేస్తే? ఎందుకు కట్టావంటే ఏం చెబుతుంది? ఉత్తినే భయపడుతున్నానేమో అని తనకు తనే సర్దిచెప్పుకుంది. కక్కలేక మింగలేక ఆ జానాబెత్తెడు చోటులోనే తిరుగుతుంటే, మొగుడు తడిసి ముద్దై తలుపు తీసుకుని వచ్చాడు. వస్తూనే ఒక్క క్షణం ఆగాడు. తర్వాత స్టవ్వు మీద గిన్నె పెట్టి లైటర్ అందుకున్నాడు.

"చూశావుగా?" అన్నాడు. ఒకసారి చెప్పాక మళ్ళీ అడగడం ఆయనకు అలవాటు లేదు.

'ఆఁ' అనే మాట ఆవిడ నాలిక చివరి దాకా వచ్చింది. దుప్పట్లోంచి బయటికి వచ్చిన అత్తగారి పాదాలు కనబడ్డాయి. గభాలున వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకుంది.

"వద్దు! వెలిగించకండి. నాకు వాసన రాదు."

"ఏం వాసన?"

"ఏ వాసనా రాదండీ. జ్వరం వచ్చినప్పటినుంచీ. ఇందాక ఊరికే అన్నాను."

ఆయన లైటర్ గట్టు మీద పెట్టేశాడు. చెయ్యి అలవాటుగా లైటు స్విచ్ వైపు వెళ్ళబోతే, "అదీ ముట్టుకోకండి!" అని అరిచింది. ఇద్దరూ కలిసి అత్తగారిని లేపి, వానలోకి నడిపించారు. ఆయన పరుగున వెళ్ళి వాల్వు కట్టేశాడు. తలుపులన్నీ బార్లా తెరిచారు.

గాలి బాగా ఆడాక, గ్లాసులో సబ్బు నురగ కలిపి స్టవ్వు కింద పైపు అతుకు మీద పోసింది ఆవిడ. ఆయన బయట వాల్వు రవ్వంత వదిలాడు. అతుకు చుట్టూ బుడగలు పొంగాయి. గతుకులకు బిగింపు వదులైపోయింది. ఆయన వాల్వు మళ్ళీ కట్టేశాడు.

ఆవిడ బండి దిగేసరికి బయట గొడుగు కింద అత్తగారు వణుకుతున్నారు.

"వాసన వస్తూనే ఉంది కదరా! అమ్మాయి లేదందిగా. నా ముక్కే ముసలిదైపోయిందనుకున్నా."

ఆవిడ మొగుడి వైపు తిరిగింది.

"మీకు?"

"తలుపు తియ్యగానే గుప్పుమంది" అన్నాడు తల వంచుకుని.

"మరి లైటర్ ఎందుకు తీశారు?"

"నువ్వు లేదన్నావుగా."

ఆవిడకు కోపమొచ్చింది, భయమేసింది, ఏడుపూ వచ్చింది. "నేను ఆఁ అని ఉంటే వెలిగించేసేవారా?"

ఆయన మొహం మీద వాన నీళ్ళు తుడుచుకున్నాడు.

"వెలిగించేసేవాణ్ణే" అన్నాడు.

ఆవిడ ఆ తడి గడ్డిలోనే కూలబడింది.