పలక వెనక విభూతి

దసరాకి జర్మనీలోని ఎర్లాంగెన్‌లో సెలవుండదు. ఉన్నా ప్రయోగశాలకే పోయేది సంయుక్త. బెజవాడ ఆటోనగర్‌లో వాళ్ళ నాన్న రవీంద్రనాథ్ లేతు షెడ్డులో ఆయుధపూజనాడు విభూతి పెట్టనిదే ఎవరూ మిషను ముట్టుకోరు. ఆ అలవాటుకొద్దీ, ఎవరూ లేనప్పుడు, తెరిచివున్న తమ మిషనులో రాగిపలకను పట్టివుంచే బిగింపు వెనక చిటికెడు విభూతి రాసి దణ్ణం పెట్టుకుంది. సాయంత్రం తుడిచేద్దామనుకుని మరిచిపోయింది.

మర్నాటినుంచి మిషను ధీరజ్ వంతు. హనుమకొండవాడు. ఆ లాబ్‌లో తెలుగు మాట్లాడే మనిషి సంయుక్త ఒక్కతే కాబట్టి అక్కా అక్కా అంటూ తిరిగేవాడు.

వాళ్ళ పని చెప్పడం తేలికే. ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న లిథియం అయాన్లను గాలి లేని డబ్బాలో రాగిపలక మీదికి విసురుతారు. తగిలి వెనుదిరిగే లిప్తపాటులో కొన్ని పలక దగ్గర ఎలక్ట్రాన్ పుచ్చుకుని లోటు తీర్చుకుంటాయి. మిగిలినవి పోయినట్టే తిరిగొస్తాయి. శుభ్రమైన రాగి అయితే లోటు తీరేవి వందకి పది. ధీరజ్‌కి నలభై వచ్చాయి.

"అక్కా, దొరికింది. ఇగ పార్టీ నాదే. నువ్వు మాంసం తినవు గద, నీకు పొమ్మెస్, గదే ఆలుగడ్డ ఫ్రైస్."

"ముందు పేపరు రానీవయ్యా. తర్వాత తినిపిద్దువుగాని."

మార్చి తర్వాత ఇద్దరిలో ఒకరికే కాంట్రాక్టు పొడిగిస్తానని ప్రొఫెసరమ్మ అప్పటికే చెప్పింది. కాంట్రాక్టు పోతే వీసా పోయినట్టే. ఆ నలభై నిలబడితే ఉండేది ధీరజ్, వెళ్ళేది సంయుక్త.

ఆ వారమే ఆమెకి విభూతి సంగతి తట్టింది. బూడిదలో పొటాషియం ఉంటుంది. పలకను శుభ్రం చెయ్యడానికి బాగా కాలుస్తారు. ఆ వేడికి వెనకున్నది ఆవిరై ముందుకి చేరుతుంది. పొటాషియం అంటిన రాగి ఎలక్ట్రాన్లు ఇవ్వడానికి చెయ్యి వెనక్కి తియ్యదు.

ధీరజ్‌ని పక్కకి పిలిచి చెప్పొచ్చు. చెప్పలేదు. అందరూ కూర్చునే మీటింగుదాకా ఆగి, నెమ్మదిగా అడిగింది.

"పలక మీద పొటాషియం ఉందేమో చూశావా?"

చూశారు. ఉంది. డబ్బా తెరిచిన రోజు ముందుగా చెయ్యి పెట్టింది సంయుక్తే. బిగింపు వెనక తుడిచాకే పక్కకి జరిగింది. చేతి చెమటలో కూడా ఆ ఉప్పులుంటాయి అంది ప్రొఫెసరమ్మ, ధీరజ్ వేళ్ళకేసి చూస్తూ.

"గ్లౌజుల్లేకుండ నేనెన్నడూ ముట్టలే. అక్కా, నువ్వన్న చెప్పు."

సంయుక్త కాగితాలు సర్దుకుంది.

మార్చి ఆఖరున, కాంట్రాక్టు పోయి దేశానికి తిరిగెళ్తున్న ధీరజ్‌తో న్యూరెంబర్గ్ స్టేషనుదాకా వెళ్ళింది. వెళ్ళకపోతే బాగుండదు. ఫ్రాంక్‌ఫర్ట్ బండికి ఎనిమిది నిమిషాలుంది. ధీరజ్ చిక్కిపోయాడు.

"ఒక్కటడుగుత, నిజం చెప్పు. నాకు యాదికొస్తలేదు, పిచ్చి లేస్తుంది. ఒక్కసారన్న ఉత్త చేతుల్తోని ముట్టుకున్ననా?"

తెలీదు అంటే సరిపోయేది. కానీ తెలీదన్న మాటతో అతను ఊరుకోడు. అక్కణ్ణుంచి మెయిళ్ళు రాస్తాడు, మళ్ళీ మళ్ళీ అడుగుతాడు, ఏదో ఒకనాటికి దసరా దాకా వస్తాడు.

"ముట్టుకున్నావు," అంది సంయుక్త. "నేను చూశాను."

ధీరజ్ తన చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత అతని మొహం తేటపడింది.

"చూసి గూడ మేడంకి చెప్పలేదు నువ్వు," అన్నాడు. "నా పరువు నిలబెట్టినవ్ అక్కా."

వంగి ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టి బండెక్కాడు.