ఇంకో స్తానా

చేపల ఫ్యాక్టరీలో పొద్దస్తమానం నిలబడి సార్డీన్ల తలలు తీసి వచ్చాక నాకు చుట్టాలంటే చిరాకు. కాళ్ళు మొద్దుబారిపోతాయి, నోరు విప్పాలన్నా బరువే. అయినా ఆ సాయంత్రం కోడి సూపు గిన్నె పట్టుకుని యెర్కో ఇంటి మెట్లెక్కాను. యెర్కో నా తమ్ముడు. వాడి ఒక్కగానొక్క కూతురు తోంకా కాన్పయి ఇంటికొచ్చింది. బాలింతను చూడటానికి వట్టి చేతులతో వెళ్తే మా ద్వీపంలో ఏడాది పాటు చెప్పుకుంటారు.

మూడోసారీ ఆడపిల్లే. పెద్దదాని పేరు యాగొద, అంటే స్ట్రాబెర్రీ. రెండోది నెవెంకా, బంతిపువ్వు. ఇంకా పేరు పెట్టని మూడోది తల్లి ఒళ్ళో నిద్రపోతోంది. అల్లుడు ఓడ మీద ఉన్నాడు. పేరు సంగతి మీ ఇష్టమని ఫోన్‌లో చెప్పేసి చేతులు దులుపుకున్నాడట.

నేను కూర్చున్నానో లేదో యెర్కో నా ముందు వైన్ గ్లాసు పెట్టి, పాపకు స్తానా అని పెడదామన్నాడు. అక్కనైన నా పేరు నిలబెట్టినట్టు ఉంటుందట. వాడి భార్య పేరు మారే, ఆమె కళ్ళు ఒత్తుకుంది. నాకు ఒళ్ళు మండింది.

స్తానా అంటే ఆగు అని. మా వైపు వరసగా ఆడపిల్లలు పుడుతుంటే చివరిదానికి ఈ పేరు తగిలిస్తారు, ఇక చాలు, తర్వాత మగపిల్లాడు పుట్టాలని. నా ముగ్గురక్కలకూ నానమ్మ పేరు, అమ్మమ్మ పేరు, మేరీమాత పేరు పెట్టారు. నాకు మాత్రం పేరుకు బదులు ఆగు అని హుకుం జారీ చేశారు. మరుసటి ఏడాదే యెర్కో పుట్టాడు. మా నాన్న ఊరంతటికీ వైన్ పోశాడు. పోయేదాకా మా అమ్మ నన్ను ఒకే ఒక్క మాటతో మెచ్చుకుంది: నీ పేరు పనిచేసిందే అని. అది విని అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

ఇప్పుడు తమ్ముడు నాకిచ్చే గౌరవం ఏపాటిదో నాకు తెలియదా? వాడికి మనవడు కావాలి. ముసలివాడైపోతున్నాడు, పడవ ఎవరి చేతిలో పెట్టాలని దిగులు. చెడ్డవాడు కాదు. ఒక శీతాకాలం నాకు జ్వరం ముదిరితే గాలివానలో పడవేసుకెళ్ళి డాక్టరును తీసుకొచ్చాడు. అందుకే వాడి మీద కోపం పెంచుకోవడం కూడా నాకు చేతకాదు.

తోంకా తల ఎత్తింది. కళ్ళ కింద నల్లటి వలయాలు.

"అత్తా, నీకు నీ పేరంటే ఇష్టమేనా? ఇష్టమను, పెట్టేస్తాను. వాదించే ఓపిక నాకు లేదు."

"ఇష్టం కాక ఏమిటే," అని యెర్కో నవ్వాడు. ఆ పేరే లేకపోతే తను ఈ కుర్చీలో ఉండేవాడే కాదన్నాడు.

అవునంటే అయిపోయేది. ఇంటికెళ్ళి పడుకునేదాన్ని. ఇన్నేళ్ళూ అదే అంటూ వచ్చాను. కానీ ఆ పసిది ఆవులించి పిడికిలి బుగ్గ కింద పెట్టుకుంది. ఎవరికీ ఏ అపకారమూ చెయ్యలేదు, అప్పుడే దాని నెత్తిన ఇంకొకరి రాక కోసం పడిగాపులు.

"లేదు," అన్నాను. "నాకెప్పుడూ ఇష్టం లేదు."

యెర్కో మొహం వాడిపోయింది. "అదేమిటక్కా. ఆ పేరు పెట్టాకే కదా నేనొచ్చింది?"

"నువ్వొచ్చావురా, మంచిదే. నేనూ వచ్చానుగా. నేనొచ్చిన రోజున ఈ ఇంట్లో ఎవరైనా సంతోషించారా?"

మారే సూపు వేడి చేసే నెపంతో వంటింట్లోకి జారుకుంది. తోంకా కాసేపు పాప వేళ్ళు సవరిస్తూ కూర్చుని, జెల్కా అని పెడతానంది. కోరుకున్న పిల్ల అని ఆ పేరుకు అర్థం.

"కోరుకున్నదా?" అన్నాడు యెర్కో. బాధపెట్టాలని కాదు, నోరు జారాడు. "మూడో ఆడపిల్లను ఎవరే కోరుకున్నది?"

"నేను," అంది తోంకా.

గొంతు పెంచలేదు. తండ్రి వైపు కూడా చూడలేదు. నేను వైన్ గ్లాసు పక్కకు జరిపి, చేపల వాసన వేసే చేతులతో మొహం కప్పుకున్నాను. మా అమ్మ నా కోసం ఆ ఒక్క మాట అని ఉంటే, నేను ఇంతగా అలసిపోయేదాన్ని కాదు.