బెత్తెడు దూరం

నేను ఒక మైకును. గుప్పెడంత నల్లని దేహం, ఇత్తడి జల్లెడ ముఖం. నాకు నోరు లేదు. ఉన్నది చెవి ఒక్కటే, అదీ ఎదుటివైపు మాత్రమే వినే చెవి. నా నిర్మాణమే అంత అని చెప్పి తప్పుకోవచ్చును. తప్పుకోవడానికి ఈ కథ చెప్పడం లేదు.

నా తొలి యజమాని పురాణ ప్రవచనకారుడు. మూరెడు దూరాన కూర్చుని, వైకుంఠానికి వినిపించాలన్నట్లు గట్టిగా చెప్పేవాడు. కంఠం సన్నగిల్లిన పిమ్మట నన్ను కాకినాడలో వంటల చానెల్ నడిపే హైమావతికి అమ్మాడు.

నెలనెలా చందా కట్టే సభ్యులకు ఆమె రోజూ మధ్యాహ్నం ఒక పలకరింపు పంపేది: "ఏవండీ, భోంచేశారా?" మొదట మూరెడు దూరం నుంచే అడిగేది. సభ్యులు పెరిగినకొద్దీ జానెడుకు, తరువాత బెత్తెడుకు జరిగింది. బెత్తెడు దూరాన పలికిన మాట, వినేవానికి పక్కపీటపై కూర్చుని అన్నట్లే ఉంటుంది. ఆ విద్య నాదే.

ఒకనాడు ఆమె ఇంకొక వాక్యం చేర్చింది: "మీరు తినేదాకా నేనూ ముద్ద ముట్టనండీ." సభ్యులు కరిగిపోయారు. అప్పటినుంచి ప్రతి సోమవారం, వారానికి సరిపడా పలకరింపులు ఒకే విడతలో నాకు చెప్పేది. ఒకదానికి అలసట, ఒకదానికి నవ్వు అద్దేది. అదీ కడుపునిండా తిన్న తరువాత. మధ్యలో వచ్చిన త్రేన్పులను కత్తిరించి పారవేసేది. నేను మాత్రం విన్నాను.

"ఒసేయ్ హైమా, నాలుగట్లు లాగించి ఉపవాసం కబుర్లా?" అని ఆమె వదిన సుభద్ర ఎగతాళి చేసింది.

"ఊరుకో వదినా. ఒకరితో అంటే అబద్ధంగానీ, అందరితో అంటే అబద్ధమేంటి?"

ఆ అందరిలో పాలకొల్లు బుల్లిరాజు గారొకరు. భార్య గతించిన విశ్రాంత పోస్టుమాస్టరు. "కంచం ముందు కూర్చున్నానమ్మా, నువ్వూ కూర్చో" అని రోజూ జవాబు రాసేవారు. ఆమె చదవకుండానే దాని కింద ఎర్రని హృదయపు గుర్తు పెట్టేది.

వైశాఖంలో బంధువుల పెళ్ళి సందడిలో ఆమె శుక్రవారపు పలకరింపు పంపడం మరచింది. సోమవారం మళ్ళీ నా ముందు కూర్చోగానే ఫోను మోగింది. స్పీకరు నొక్కింది.

"బుల్లిరాజు గారి పక్కింటిదాన్నండి, రత్తమ్మని. చానెల్లో నంబరు చూసి చేశానండి. శుక్రవారం ఆయన ఇన్సులిన్ పొడుచుకుని, మీ పలకరింపు కోసం కంచం ముందు మూడింటిదాకా అలాగే కూర్చుండిపోయారండి. నేనెళ్ళేసరికి పడిపోయున్నారు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచిన కాణ్ణించీ ఒకటే గోలండి, ఆ అమ్మాయి తిందో లేదో కనుక్కోమని. ఇదిగో, మీరే చెప్పండి."

సన్నని గొంతు వినిపించింది. "అమ్మా, శుక్రవారం ఏమైందమ్మా? ఒంట్లో బాగోలేదా? నువ్వు తినకుండా నాకెలా దిగుద్ది? తిన్నావా?"

'లేదండీ' అంటే చాలు, ఆ వృద్ధుని పస్తు సార్థకమయ్యేది.

"తిన్నానండి. పెళ్ళిలో తిన్నాను. రోజూ తిన్నాకే ఆ మాట అనేదాన్నండి."



"పోన్లే తల్లీ. పస్తున్నావేమోనని బెంగెట్టుకున్నాను. తిన్నావు, అంతే చాలు."

కురుక్షేత్రంలో సత్యవాక్యపు చివరి మాటను మింగిన శంఖం నాకు జ్ఞాతి. దానినైనా ఎవరో ఊదారు, అదీ ఒక్కసారే. నేను ప్రతి సోమవారమూ త్రేన్పు విని, పలకరింపును మాత్రమే తేనెలో ముంచి పంపాను. అతిథిని అన్నం తిన్నావా అని అడిగినవారు జవాబు వినేదాకా గుమ్మంలో నిలవాలి. మేము అడిగి తలుపు మూసుకున్నాము.

హైమావతి ఆ వారపు పలకరింపులు చెప్పలేదు. నన్ను మూరెడు దూరానికి నెట్టి, కళ్ళు తుడుచుకుని, ఒక్క మాట చెప్పింది: "భోజనం వేళయిందండీ. నేను తినే వచ్చాను. మీరు తిన్నారో లేదో నాకు ఇక్కణ్ణించి తెలియదు. పక్కింటివాళ్ళని పిలవండి, వాళ్ళకి తెలుస్తుంది." చాలామంది చందా మానుకున్నారు. బుల్లిరాజు గారు మానలేదు. కాని కంచం ముందు కూర్చున్నానన్న ఆ జవాబు మళ్ళీ రాలేదు.

రత్తమ్మను పిలిచారో లేదో. ఆయన తిన్నారో లేదో. ప్రతి మధ్యాహ్నం వినాలని ప్రయత్నిస్తాను. నా చెవి ఇటువైపే ఉంది.