కారెక్కాక ఏమంటారు

“ఒరే పాండూ, ఒప్పుకున్నారటరా!”

సుబ్బరత్నమ్మ కేక మేడ మీద నుంచి వినిపించేసరికి పాండురంగారావు ఆవిడ ఇంటి ముందు ఆపిన తన కారు ముందద్దాన్ని పాత న్యూస్‌పేపరు తడిపి తుడుస్తున్నాడు. అప్పుడే బందరు నుంచి ట్రంక్‌కాల్ వచ్చిందట. ఆవిడ మనవరాలు శారదను చూసి వెళ్ళిన వాళ్ళకు పిల్ల నచ్చింది, శ్రావణంలో ముహూర్తం పెట్టుకుందామన్నారు. ఆవిడ ఒక చేత్తో మోకాలు, ఇంకో చేత్తో పంచదార గిన్నె పట్టుకుని మెట్లన్నీ దిగి వచ్చింది. అతన్ని నోరు తెరవమని గుప్పెడు పంచదార పోసింది. సగం నోట్లో పడింది, సగం కాలర్లోకి జారింది.

“హనుమాన్ జంక్షన్ నుంచి వాళ్ళని నీ కార్లోనే కదరా తెచ్చావు! నీ కారెక్కినవాళ్ళు కాదనలేదు చూడు.”

పాండురంగారావు నవ్వాడు. మాట్లాడదామంటే నోటి నిండా పంచదార.

నూజివీడులో అతనిది అద్దెకారు. మీగడ రంగు అంబాసిడర్. వేసవి వచ్చిందంటే దానికి రెండు రకాల కిరాయిలు. పొద్దున పూట మామిడి వర్తకులు తోటలు చూడ్డానికి ఎక్కుతారు, మధ్యాహ్నం పూట పెళ్ళిచూపులవాళ్ళు ఎక్కుతారు. పొద్దున డిక్కీలో రసాల బుట్టలు ఎక్కిన కారులోనే మధ్యాహ్నం పట్టుచీరలు కూర్చుంటాయి. అందుకని ఆ కారులో జూన్ నెల దాటేవరకూ పండు వాసనా, నాఫ్తలిన్ గోళీల వాసనా కలిసి ఉంటాయి. ఆ వాసనంటే అతనికి ఇష్టం.

మనిషి పొడుగు, సన్నం. నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు, విచ్చుకున్నట్టుండే పెద్ద చెవులు. ఎప్పుడూ కిటికీ మీద పెట్టుకుని ఉండడం వల్ల కుడి చెయ్యి ఎండకి కమిలి, ఎడమ చెయ్యి కంటే బాగా నల్లగా ఉంటుంది. నలభై దగ్గర పడుతున్నా పెళ్ళి కాలేదు. అతని గురించి నూజివీడులో పెద్దవాళ్ళకి తెలిసింది ఇంతే. ఇందులో చివరి సంగతి వాళ్ళను నిద్రపోనివ్వదు.

కారెక్కిన ప్రతి పెద్దమనిషీ ఊరు దాటకముందే మొదలుపెట్టేవాడు. ఎందుకు చేసుకోలేదు? చిన్నప్పుడు ఎవరినైనా ఇష్టపడ్డావా? జాతకంలో ఏమైనా ఉందా? మామిడి వర్తకుడు కృష్ణమూర్తి ఒకసారి అతనికి చెప్పకుండానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి నాలుక చూపించమన్నాడు. నాలుక బాగానే ఉంది. నిజం ఏంటంటే అతని దగ్గర కారణం లేదు. ఒక్కడే ఉండడం అతనికి బాగుంది. కానీ బాగుండడం ఒక కారణమని ఎవరూ ఒప్పుకోరు. అలాగని మొహం మీద వద్దని చెప్పలేడు. ప్రేమగా అడిగే పెద్దవాళ్ళకి వద్దనడమంటే వాళ్ళ వేళ్ళు చూసుకోకుండా కారు డోరు వేసేసినట్టు ఉంటుందతనికి. అందుకని ‘అమ్మ సంవత్సరీకం వెళ్ళనివ్వండి’ అనేవాడు. అమ్మ సంవత్సరీకాలు చాలా వెళ్ళాక, ‘కారు ఇంజను పని అవనివ్వండి’ అంటున్నాడు.

సుబ్బరత్నమ్మ పంచదార గిన్నె బానెట్ మీద పెట్టి, చంకలో నుంచి ఒక పొట్లం తీసింది. లోపల తెల్లని టెరికాట్ చొక్కా.

“మా శారద పెళ్ళి కుదిరిన సంతోషానికి. ఇప్పుడే తొడుక్కో. మధ్యాహ్నం ముసునూరు వెళ్ళాలి, పెళ్ళిచూపులకి.”

“ఎవరికండీ సంబంధం?”

“మనవాళ్ళకే.”

“అబ్బాయి ఎక్కడ ఎక్కుతాడండీ?”

అరుగు మీద పడక్కుర్చీలో ఉన్న ఆవిడ భర్త దశరథరామయ్యకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

“అబ్బాయి మనతో పాటే అక్కడికి చేరతాడు లేరా,” అంది సుబ్బరత్నమ్మ. ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు.

ముసునూరు దారిలో రెండు వైపులా తోటలే. కొమ్మలు కాయల బరువుకి రోడ్డు వైపు వంగి ఉన్నాయి. ఎదురుగా వచ్చే ఎడ్లబండ్లకు దారి ఇస్తూ, కొత్త చొక్కా మడతలు నలగకుండా నిటారుగా కూర్చుని నడిపాడు పాండురంగారావు. మెడ దగ్గర ఏదో గుచ్చుకుంటోంది. కొత్త బట్ట కదా అనుకున్నాడు. వెనక సీట్లో దశరథరామయ్య నోరు తెరుచుకుని నిద్రపోయాడు. సుబ్బరత్నమ్మ మాత్రం అద్దంలో అతన్నే చూస్తూ, చూసినప్పుడల్లా నవ్వుతూ ఉంది.

బసవపున్నారావు ఇల్లు చూడగానే గుర్తుపట్టాడు. ఇంటి పక్కన కొబ్బరాకుల పందిరి, దాని కింద వరసగా మామిడి అంట్ల నర్సరీ. రెండేళ్ళ కింద పెళ్ళిచూపులకని జంక్షన్‌లో ఎరువుల కొట్టువాళ్ళను ఇక్కడికే తెచ్చాడు. పెద్దవాళ్ళను దింపి, అలవాటు ప్రకారం అరుగు మీద స్తంభం పక్కన కూర్చున్నాడు. డ్రైవరు చోటు ఏ ఇంట్లోనైనా అదే. కాసేపటికి ఒక గ్లాసు మజ్జిగ వస్తుంది. నీడలో కూర్చుని అది తాగడం కూడా అతనికి ఇష్టమైన పనుల్లో ఒకటి.

“అదేంటి బాబూ, అక్కడ కూర్చున్నారు? లోపలికి రండి,” అన్నాడు బసవపున్నారావు గుమ్మంలో నిలబడి.

పెళ్ళికొడుకు వచ్చాడేమో అని పాండురంగారావు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఒక దూడ తప్ప ఎవరూ లేరు.

“నిన్నేరా,” అంది సుబ్బరత్నమ్మ.

లోపల అతని కోసం చేతుల కుర్చీ వేసి ఉంది. దాని అంచు మీద కూర్చున్నాడు. ముందు ప్లేట్లో జంతికలు, మామిడితాండ్ర. అరుగు మీదయితే ఈపాటికి ఖాళీ చేసేవాడు. ఇక్కడ చెయ్యి వెళ్ళడం లేదు. వంటింట్లో నుంచి బసవపున్నారావు కూతురు ప్రమీలారాణి కాఫీ గ్లాసులు తెచ్చింది. ముప్పైకి దగ్గరలో ఉంటుంది. ఉతికిన వాయిలు చీర, ఎంత కడిగినా పోని మట్టి గోళ్ళ అంచుల్లో. తల దించుకోలేదు. అతని మొహం చూసింది, తర్వాత మెడ చూసింది.

“కాలర్‌కి గుండుసూది ఉండిపోయిందండి,” అంది.

దశరథరామయ్య కాఫీ గ్లాసులోకి తల దించి నవ్వాడు. పాండురంగారావు సూది తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక గుప్పిట్లో పట్టుకుని లేచాడు. “రేడియేటర్‌లో నీళ్ళు చూసొస్తానండి,” అని బయటికి నడిచాడు.

బానెట్ ఎత్తి అందులోకి తల పెట్టాడు. ఇప్పుడు ఏం చెయ్యాలి? వెళ్ళి ‘ఇంటికెళ్ళి కబురు చేస్తాం’ అనాలి. ఆ మాట అతను కొన్ని వందలసార్లు విన్నాడు. విన్న ప్రతిసారీ స్టీరింగు దగ్గరే ఉన్నాడు కాబట్టి, దాని అర్థం కూడా అతనికి తెలుసు. ఈసారి ఆ మాట అనాల్సింది తను.

“నీళ్ళండి.”

ప్రమీలారాణి బిందెతో నిలబడి ఉంది.

“మీకు చెప్పలేదు కదూ?”

“లేదండి. అబ్బాయి వస్తాడన్నారు.”

“వచ్చాడుగా,” అని నవ్వింది. తర్వాత గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. “మిమ్మల్ని ఒక సంగతి అడగాలండి. కారెక్కాక ఏం మాట్లాడుకుంటారు?”

“ఎవరండీ?”

“చూడ్డానికి వచ్చినవాళ్ళు. ఇక్కడున్నంతసేపూ పిల్ల బంగారం అంటారు, కబురు చేస్తామంటారు. కారు ఆ మలుపు తిరిగాక ఏమంటారో తెలుసుకోవాలని నాకు ఎన్నేళ్ళ నుంచో ఉంది. అడగడానికి ఎవరున్నారు? ఎరువుల కొట్టువాళ్ళని మీరే తెచ్చారు. ఆ స్తంభం పక్కన కూర్చుని మజ్జిగ తాగారు. నాకు గుర్తే.”

పాండురంగారావు నీళ్ళు పోసి, బిందె తిరిగి ఇస్తూ ఆలోచించాడు. కారులో విన్నవి కారులోనే వదిలెయ్యడం అతని పద్ధతి. కానీ అడుగుతున్న మనిషి కళ్ళల్లో ఏడుపు లేదు, కోపం లేదు. మూసిన బుట్టలో ఏ పండుందో చూడాలన్నంత ఆత్రం ఉంది.

“పెద్దావిడ మీ గేదె గురించి మాట్లాడారండి. కొమ్ములు బాగున్నాయన్నారు. పెద్దాయన తాండ్ర పళ్ళల్లో ఇరుక్కుందని పుల్ల అడిగితే కారు ఆపి వేప్పుల్ల విరిచిచ్చాను.”

“పెళ్ళికొడుకు?”

“జంక్షన్ దాకా నోరు విప్పలేదండి. దిగేటప్పుడు, రేపు ఏ ఊరు అని అడిగాడు.”

“నా గురించి?”

“ఏమీ అనలేదండి.”

“నల్లగా ఉందని?”

“లేదండి.”

“మట్టిపని చేస్తుందని?”

“మీ పేరే ఎత్తలేదండి.”

ఆమెకి ఒక్కసారిగా వచ్చిన నవ్వుకి బిందె చంకలో నుంచి జారబోయింది. “ఆ తర్వాత నెల్లాళ్ళు మొహానికి సెనగపిండి పట్టించానండీ నేను! ముక్కు గురించే అని ఉంటారని ముక్కుకి ఇంకాస్త ఎక్కువ!”

పాండురంగారావుకీ నవ్వు వచ్చింది. నవ్వాక ధైర్యం వచ్చింది.

“నాకు పెళ్ళి వద్దండి. మీరని కాదు, ఎవరైనా వద్దు. ఎందుకంటే చెప్పడానికి ఏమీ లేదు. కానీ కబురు చేస్తానని మాత్రం మీతో అనలేను.”

“అనకండి. నేనే చెప్తాను.”

“మీ నాన్నగారు ఏమంటారో?”

“అదే చూడాలి,” అంది ప్రమీలారాణి బిందె సర్దుకుంటూ. “ఇన్నిసార్లలో నీకు ఇష్టమేనా అని నన్నెవరూ అడగలేదండి. అడక్కుండానే చెప్పేస్తే ఏమవుతుందో చూద్దాం.”

ఇద్దరూ లోపలికి వచ్చేసరికి సుబ్బరత్నమ్మ మొహం వెలిగిపోతోంది. బయట నవ్వులు ఆవిడకి వినపడ్డాయి. “ఏమ్మా, మా పాండు...” అని మొదలుపెట్టింది.

“నాకు వద్దండి, పెద్దమ్మగారూ.”

సుబ్బరత్నమ్మ చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టింది.

“మా పాండుకేం తక్కువే?”

“ఏం తక్కువ లేదండి. మనిషి మంచివాడే. నాకు వద్దు, అంతే.”

బసవపున్నారావు తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఒకసారి కూతురి వైపు, ఒకసారి వచ్చినవాళ్ళ వైపు చూశాడు. ఇన్నాళ్ళూ అవతలివాళ్ళు అనడమే తప్ప తను అనని మాట అది. “అమ్మాయి వద్దంటే మరి వద్దేనండి,” అన్నాడు మెల్లిగా, ఎలా ఉంటుందో అని రుచి చూస్తున్నట్టు. “ఏమీ అనుకోకండి. ఇంకో కప్పు కాఫీ తీసుకోండి.”

కారు మలుపు తిరుగుతుంటే పాండురంగారావు అద్దంలో చూశాడు. ప్రమీలారాణి నర్సరీ పందిరి కింద కూర్చుని అప్పుడే పనిలో పడింది. కారు వైపు చూడనేలేదు.

కాసేపటికి వెనక సీట్లో మాటలు మొదలయ్యాయి. అతని కారులో అతని గురించి మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి.

“చెవులండీ. చెవులే చూసుంటుంది.”

“చెవులకేం? గంభీరంగా ఉంటాయి,” అన్నాడు దశరథరామయ్య.

“లేకపోతే ఆ కుడి చెయ్యి. రెండు చేతులూ రెండు రంగులు. ఫుల్‌చేతుల చొక్కా కొనాల్సింది.”

పాండురంగారావు అద్దం కొంచెం తిప్పి తన చెవులు చూసుకున్నాడు. వింటుంటే తమాషాగానే ఉంది.

“ఒరే పాండూ, నువ్వేం దిగులు పెట్టుకోకు,” అంది సుబ్బరత్నమ్మ ముందుకి వంగి. “విస్సన్నపేటలో ఇంకొకళ్ళున్నారు. రేపే వెళ్దాం.”

అతను కారు నెమ్మది చేసి, తోట కంచె పక్కగా ఆపాడు. ఇంజను కట్టేసి వెనక్కి తిరిగాడు.

“వద్దండి, పెద్దమ్మగారూ.”

“సరే, ఎల్లుండి.”

“ఎల్లుండి కూడా వద్దండి. ఎప్పుడూ వద్దు. నాకు పెళ్ళే వద్దండి.”

అన్నాక ఏం జరుగుతుందో అని చూశాడు. సుబ్బరత్నమ్మ సీటులో వెనక్కి జరిగింది. ఆవిడ మొహం చిన్నబోయింది. అది చూసినా అతను అన్న మాట వెనక్కి తీసుకోలేదు. కాయల లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. దుమ్ము తగ్గాక ఆవిడ అడిగింది. గొంతులో సంబంధాలు చూసే హడావుడి లేదు.

“మరి సాయంత్రమయితే ఒక్కడివీ ఏం చేస్తావురా?”

ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళే గానీ ఇది అడిగినవాళ్ళు లేరు. అతను తలగోక్కున్నాడు.

“స్నానం చేసి వంట చేసుకుంటానండి. తిన్నాక మెట్ల మీద కూర్చుంటా. మా గదికి ఎదురుగా సినిమా హాలు కదండీ. మొదటి ఆట వదిలితే జనం బయటికొస్తారు. వాళ్ళ నడక చూసి లోపల కథేంటో కనుక్కుంటాను.”

“అదేంటి, టికెట్టు కొని చూడవా?”

“చూస్తే తెలిసిపోతుంది కదండీ.”

దశరథరామయ్య పూర్తిగా నిద్ర లేచాడు. “నిన్నటి ఆట సంగతేంటి?”

“ఫైటింగులు బానే ఉన్నట్టున్నాయండి. మగపిల్లలు భుజాలు ఎగరేసుకుంటూ వచ్చారు. తల్లి పాత్ర మాత్రం చచ్చిపోలేదు. ఆడవాళ్ళు ఏడ్చారు గానీ, ఏడ్చి నవ్వుకున్నారు. బహుశా ఆఖర్లో కొడుకుని కలుసుకుని ఉంటుంది.”

“ఎవరి కొడుకు?” అంది సుబ్బరత్నమ్మ.

“అదింకా తేలలేదండి. ఇవాళో రేపో తేలుతుంది.”

అతను కారు స్టార్ట్ చేశాడు. ఊరు దగ్గర పడుతుండగా వెనక నుంచి మళ్ళీ గొంతు వినిపించింది.

“ఆ మెట్ల మీద ఇంకా ఇద్దరు పడతారా?”

“పడతారండి. నేను పై మెట్టు మీద కూర్చుంటా.”

“అయితే రేపు విస్సన్నపేట వద్దులే. రేపు ఆట వదిలేముందే కారు తీసుకురా, మేమూ వచ్చి చూస్తాం. నీ ఒక్కడి వల్ల తేలడం లేదుగా.” కొంచెం ఆగింది. “ఆ వచ్చేవాళ్ళలో మంచి పిల్ల ఎవరైనా కనపడితే...”

“పెద్దమ్మగారూ.”

“నీకు కాదురా. ఊరికే.”

ఇంటి ముందు ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగి, తల్లి కొడుకుని కలిసిందా లేక కూతురినా అని వాదించుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. పాండురంగారావు వెనక డోరు వెయ్యబోయి ఆగాడు. సీటు మీద సుబ్బరత్నమ్మ కూర్చున్న వైపు, ఎర్రగుడ్డ అంచు కుట్టిన తాటాకు విసనకర్ర ఉండిపోయింది.

ఇవ్వడానికి చేతిలోకి తీసుకున్నాడు. రేపు మెట్ల మీద ఉక్కగా ఉంటుందని గుర్తొచ్చి, మళ్ళీ ఆ సీటు మీదే పెట్టి డోరు వేశాడు.